ఎర్ర అక్షరాల రిపోర్టు

అందరికీ నమస్కారం. కడుపుతో ఉన్న అమ్మాయిలు ముందు కుర్చీల్లో కూర్చోండి, కాళ్లు చాపుకోండి. అత్తమ్మలు కూడా వచ్చినందుకు సంతోషం. ఎందుకంటే కడుపులో బిడ్డకు పుట్టుకతో వచ్చే జబ్బులున్నాయేమో చూసే టెస్టు చేయించాలా వద్దా అన్నది చాలా ఇళ్లలో మీరే తేలుస్తారు.

ఆమధ్య ఒకమ్మాయి చేతిలో కాగితంతో ఏడుస్తూ వచ్చింది. మూడో నెలలో చేసిన డబుల్ మార్కర్ అనే రక్త పరీక్ష రిపోర్టు. ‘హై రిస్క్, 1:180’ అని ఎర్ర అక్షరాల్లో ఉంది. బిడ్డకు డౌన్ సిండ్రోమ్, అంటే ఒక క్రోమోజోమ్ ఎక్కువై బుద్ధి ఎదుగుదల తగ్గే సమస్య, ఉందని ఇంట్లో అప్పటికే తీర్మానించేశారు. ఆ అంకెకు అర్థం ఏమిటో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. అలాంటి రిపోర్టు వచ్చిన 180 మంది తల్లుల్లో ఒకరి బిడ్డకు ఆ సమస్య ఉండొచ్చు, మిగతా 179 మందికి ఉండదు. సాధారణంగా 1:250 దగ్గర గీత గీస్తారు. అంకె దానికంటే చిన్నదైతే ఇంకో టెస్టు చేసి తేల్చుకోమంటారు, అంతే. ‘లో రిస్క్, 1:2000’ అని వచ్చినా సున్నా అని కాదు.

కాబట్టి ముందు ఈ తేడా పట్టుకోండి. కొన్ని టెస్టులు అనుమానం ఎంతో చెబుతాయి, కొన్ని ఉందో లేదో తేలుస్తాయి. 11 నుంచి 14 వారాల మధ్య, బిడ్డ మెడ వెనక నీరు ఎంత ఉందో చూడ్డానికి చేసే ఎన్‌టీ స్కాన్, దానితో పాటు తీసే డబుల్ మార్కర్ రక్తం మొదటి రకం. ఇప్పుడు అందరూ అడుగుతున్న ఎన్‌ఐపీటీ కూడా ఆ రకమే. పదో వారం నుంచి చేయొచ్చు. బిడ్డకు ఆహారం అందించే మాయ నుంచి వచ్చి తల్లి రక్తంలో తిరిగే డీఎన్‌ఏ ముక్కలను చూస్తారు. డౌన్ సిండ్రోమ్ ఉన్న వంద మంది బిడ్డల్లో దాదాపు 99 మందిని పట్టుకుంటుంది. అయినా అది చూసేది మాయను, బిడ్డను కాదు. అందుకే పాజిటివ్ వస్తే దాన్నొక్కదాన్నే నమ్మి ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. ఖర్చు వేలల్లో ఉంటుంది, గుండెలో రంధ్రం ఉందో లేదో మాత్రం చెప్పదు. దానికి ఐదో నెలలో బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కానే దిక్కు.

తేల్చేది ఉమ్మనీరు టెస్టు. 15 వారాలు దాటాక, స్కాన్‌లో చూస్తూ, సన్నటి సూదితో కొద్దిగా ఉమ్మనీరు తీస్తారు. ‘సూది బిడ్డకు గుచ్చుకుంటుందేమో’ అన్న భయంతోనే సగం మంది వెనక్కి వెళ్లిపోతారు. బిడ్డ ఎక్కడుందో చూసుకుంటూనే సూది వేస్తారు. అబార్షన్ ప్రమాదం అసలు లేదని చెప్పను. అనుభవం ఉన్న చేతుల్లో వెయ్యికి ఒకటి నుంచి ఐదు దాకా ఉంటుంది. తల్లిది నెగటివ్ గ్రూపు రక్తమైతే, తర్వాతి కాన్పుల్లో బిడ్డకు ఇబ్బంది రాకుండా వేసే యాంటీ-డి ఇంజెక్షన్ గురించి తప్పకుండా అడగండి. అంతకంటే ముందే, 11 వారాలు దాటాక, మాయ ముక్క తీసి చేసే టెస్టు కూడా ఉంది.

ఇక మన దగ్గర అసలు మాట్లాడాల్సింది మేనరికం గురించి. బావను చేసుకున్నా, మేనమామను చేసుకున్నా, ఇద్దరిలోనూ ఒకే లోపం ఉన్న జన్యువు దాగి ఉండి, రెండు వైపుల నుంచీ బిడ్డకు చేరి జబ్బు తెచ్చే అవకాశం ఎక్కువ. డబుల్ మార్కర్ నార్మల్ వచ్చిందని స్వీట్లు పంచేస్తారు, కానీ ఆ టెస్టు ఈ ప్రశ్నే అడగదు! అంతకుముందు ఒక బిడ్డ జబ్బుతో పోయి ఉంటే, ఆ జబ్బు ఏ జన్యువు వల్ల వచ్చిందో మళ్లీ నెల తప్పకముందే తేల్చుకోవాలి. అది తెలియకుండా ఉమ్మనీరు తీసినా అందులో ఏం వెతకాలో ల్యాబ్‌కు తెలియదు. హైదరాబాద్ నిమ్స్‌లో జెనెటిక్స్ విభాగం ఉంది. సీడీఎఫ్‌డీ అనే డీఎన్‌ఏ పరిశోధన సంస్థ వాళ్లు కూడా ఈ పని చేస్తారు.

ఒంట్లో రక్తం సరిగా తయారవని తలసేమియా జబ్బును మాత్రం మేనరికం లేకపోయినా చూడాలి. ఐరన్ మాత్రలు మింగినా రక్తం పెరగడం లేదంటే, ఆ జన్యువు ఉందేమో చూసే హెచ్‌బీఏ2 టెస్టు చేయించండి. తల్లి క్యారియర్ అయితే, అంటే తనకు జబ్బు లేకపోయినా ఆ జన్యువును మోస్తుంటే, భర్తకూ చేయాలి. ‘నాకేం రోగం?’ అంటారు అయ్యగార్లు. రోగం కాదు నాయనా, మీ ఇద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులోనూ నలుగురిలో ఒకరికి జబ్బు వచ్చే అవకాశం ఉంది.

తేదీలు ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, 2021లో గర్భస్రావ చట్టం మార్చాక బిడ్డకు తీవ్రమైన లోపం ఉంటే 20 వారాలు దాటినా, 24 వారాల లోపు ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో గర్భం తీయించుకోవచ్చు. ఆ తర్వాత మెడికల్ బోర్డు ముందుకు వెళ్లాలి. టిఫాకు ఆరో నెలలో వస్తే ఆలోచించుకోవడానికి టైమే ఉండదు. ఉంచుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం, నేను చెప్పను. ఉంచుకుందామనుకున్నవాళ్లకూ ముందే తెలిస్తే, గుండె ఆపరేషన్ చేసే పెద్దాసుపత్రిలో కాన్పు పెట్టుకోవచ్చు.

ఆడో మగో మాత్రం అడక్కండి. 1994 చట్టం ప్రకారం చెప్పడం నేరం, జైలు శిక్ష ఉంటుంది.

రిపోర్టులు తెచ్చుకున్నవాళ్లు బల్ల దగ్గరికి రండి. మేనరికం దంపతులు ముందు రండి, మీతో మాట్లాడటానికి ఎక్కువ సేపు పడుతుంది.