యూకేలో డ్రాప్డ్ కర్బ్ వేయించాం, ఒక చలికాలం వాడాక నా రివ్యూ

హాయ్ అండీ, అందరూ బాగున్నారా. నా వెనకాల చూడండి, మా ఇంటి ముందు ఫుట్‌పాత్ ఇక్కడ ఇలా కిందికి దిగి ఉంది కదా, కారు రోడ్డు మీంచి ఇంటి ముందుకి ఎక్కడానికి అంచు రాళ్లు (కర్బ్) ఇలా దించుతారు, దీన్నే డ్రాప్డ్ కర్బ్ అంటారు, కౌన్సిల్ అంటే ఇక్కడి మున్సిపాలిటీ కాగితాల్లో వెహికల్ క్రాసింగ్ అని రాస్తారు. పోయిన సెప్టెంబర్‌లో వేయించాం. వానలు, మంచు అన్నీ చూశాక చెప్తే నిజమైన రివ్యూ అవుతుందని ఇన్నాళ్లు ఆగి ఇప్పుడు చేస్తున్నా.

వీడియో మొత్తం చూడలేకపోయినా ఈ ఒక్కటి వినండి. కౌన్సిల్ ఓకే అన్న కాగితం మీ చేతికి రాకుండా డ్రైవ్‌వే, అంటే ఇంటి ముందు కారు పెట్టుకునే చోటు, వేసేవాళ్లకి ఒక్క పౌండ్ కూడా అడ్వాన్స్ ఇవ్వొద్దు. బ్లాక్ పేవింగ్ చేసే అతను మా ఇంటికొచ్చి "ముందు రాళ్లు పరిచేద్దాం, కర్బ్ సంగతి తర్వాత చూసుకోవచ్చు" అన్నాడు, నేను సరే అనేసేవాడినే, మా ఆవిడ ఆపింది. ఆపడమే మంచిదైంది, ఎందుకో చెప్తా.

ఫోన్లో మా నాన్నకి చెప్తే "మన గేటు ముందు రాయి దించుకోవడానికి ఎవర్ని అడగాల్రా" అన్నారు. నిజమే, మా గుంటూరులో అయితే సైడు కాలవ మీద పలక వేసి ర్యాంపు పోసేస్తే అయిపోయింది. ఇక్కడ ఫుట్‌పాత్ మన గోడకి ఆనుకుని ఉన్నా అది పబ్లిక్ హైవే, అంటే చట్టం ప్రకారం అందరి దారి. ఇంగ్లాండ్, వేల్స్‌లో హైవేస్ యాక్ట్ 1980, సెక్షన్ 184 ప్రకారం నడుస్తుంది, స్కాట్లాండ్‌లో చట్టం వేరు. డబ్బు మొత్తం మనదే, కానీ పని అయ్యాక కూడా అది హైవేలో భాగమే, మన ఆస్తి కాదు. ఇది మనసులో పెట్టుకుంటే మిగతా రూల్స్ అన్నీ అర్థమవుతాయి.

అప్లికేషన్ పెట్టాక ఇన్‌స్పెక్టర్ టేపు పట్టుకుని వచ్చారు. మా కౌన్సిల్‌లో కారు నిలబడే చోటు 4.8 మీటర్ల లోతు ఉండాలి, కొన్ని కౌన్సిల్స్ ఇంకొంచెం ఎక్కువ అడుగుతాయి. నేను ఇంటి గోడ నుంచి కొలిచి 5.4 ఉంది, ఢోకా లేదనుకున్నా. ఇన్‌స్పెక్టర్ మాత్రం బే విండో ముందుకు పొడుచుకొచ్చిన చోటు నుంచి కొలిచారు, 4.9 వచ్చింది! ఇంకో పది సెంటీమీటర్లకి మించి తగ్గి ఉంటే మా అప్లికేషన్ అక్కడితో ఆగిపోయేది, రాళ్లు ముందే పరిచి ఉంటే వేల పౌండ్లు పెట్టి కారు ఎక్కించలేని డ్రైవ్‌వే మిగిలేది. తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

మీ ఇల్లు ఏ, బీ, సీ అని వర్గీకరించిన రోడ్డు మీద ఉంటే ప్లానింగ్ పర్మిషన్ కూడా కావాలి, ఫ్లాట్ అయినా అంతే. మాది లోపలి చిన్న రోడ్డు కాబట్టి ఆ గొడవ లేదు.

అసలు ఆలస్యం ఎక్కడ జరిగిందంటే ఇదిగో ఈ మూత దగ్గర. ఫుట్‌పాత్ మీద టెలికాం కంపెనీ చాంబర్, అంటే కేబుల్స్ ఉండే గుంత, దాని మూత ఇది. పాతది మనుషులు నడిచే బరువుకి చేసింది, దాని మీద కారు రోజూ ఎక్కితే నిలబడదు, అందుకని గట్టి ఫ్రేమ్, గట్టి మూత మార్చాలన్నారు, ఖర్చు మాదే, ఆరు వారాలు వెయిటింగ్. కర్బ్‌కి, మూతకి కలిపి మాకు 2,400 పౌండ్ల దాకా అయింది, అప్లికేషన్ ఫీజు దీనికి అదనం, రిజెక్ట్ అయినా అది వెనక్కి రాదు. అందుకే అప్లై చేసేముందు మీ ఇంటి ముందు మూతలు, లైటు స్తంభం, చెట్టు ఏమున్నాయో చూసుకోండి. చెట్టు ఉంటే మాత్రం చాలా కష్టం అండీ.

పని రెండు రోజులు. కౌన్సిల్ లిస్టులో ఉన్న కాంట్రాక్టర్‌నే పెట్టాం. నిలువుగా ఉన్న కర్బ్ రాళ్లు తీసేసి, కాంక్రీటు పోసి, కిందికి దించి కొత్తవి పెట్టారు. ఒక్కో రాయి 915 మిల్లీమీటర్లు, నాలుగు దించిన రాళ్లు అంటే 3.66 మీటర్లు, అటొకటి ఇటొకటి వాలు రాళ్లు కలిపితే దాదాపు ఐదున్నర మీటర్లు. మూడు రాళ్లతో సరిపెడదామా అనుకున్నాం కానీ మాది ఇరుకు రోడ్డు, రివర్స్‌లో తిప్పేటప్పుడు ఆ నాలుగో రాయి విలువ తెలుస్తోంది. తర్వాత ఫుట్‌పాత్ లోతుగా తవ్వి, కంకర దిమ్మిస చేసి, తారు వేశారు.

చాలామంది అడుగుతున్నది, రోడ్డుకి కర్బ్‌కి మధ్య ఈ చిన్న మెట్టు ఎందుకు వదిలేశారు, పని బాగా చెయ్యలేదా అని. కాదండీ, ఆ 25 మిల్లీమీటర్లు కావాలనే వదులుతారు, రోడ్డు మీద వాన నీళ్లు మన ఇంట్లోకి రాకుండా అంచు వెంబడే పోవడానికి. టైరు ఎక్కేటప్పుడు చిన్న కుదుపు ఉంటుంది, అలవాటైపోతుంది.

మన డ్రైవ్‌వే నీళ్లు ఫుట్‌పాత్ మీదికి పోకుండా చూసుకోవడం మన బాధ్యత. 2008 అక్టోబర్ నుంచి ఇంగ్లాండ్‌లో ముందు గార్డెన్‌లో 5 చదరపు మీటర్లు దాటి నీళ్లు ఇంకని రాయి పరిస్తే, ఆ నీళ్లు మన మట్టిలోకి పోయే ఏర్పాటు లేకపోతే ప్లానింగ్ పర్మిషన్ కావాలి. మేము నీళ్లు ఇంకే బ్లాక్స్ వేయించాం, కర్బ్ అయ్యాకే, దాని లెవెల్ చూసుకుని. ఈ చలికాలం మొత్తంలో ఒక్కసారి కూడా నీళ్లు నిలవలేదు.

ఇంకోటి, కర్బ్ దించితే వీధిలో అందరూ పార్క్ చేసుకునే ఒక చోటు పోయినట్టే. పక్కింటి పెద్దావిడ కూతురు వచ్చినప్పుడల్లా ఇక్కడే కారు పెట్టేది. అప్లై చేసేముందే వెళ్లి చెప్పాం, మా డ్రైవ్‌వే ఖాళీగా ఉన్నప్పుడు వాడుకోమన్నాం. ఎవరైనా అడ్డంగా పెడితే కౌన్సిల్ ఫైన్ వేయగలదు, అది తెలుసు, కానీ రోజూ మొహాలు చూసుకునేవాళ్లతో అంతదాకా ఎందుకు.

మాకైతే ప్రతి పౌండ్‌కి విలువ దక్కింది, ఎలక్ట్రిక్ కారు ఇంటి ముందే రాత్రి రేటుకి చార్జ్ అవుతోంది. రేపు టేపు పట్టుకుని బే విండో అంచు నుంచి ఫుట్‌పాత్ దాకా కొలిచి, ముందున్న మూతలు ఎన్నో చూసి కామెంట్‌లో పెట్టండి, నాకు తెలిసినంతలో జవాబు ఇస్తాను. ఉంటానండీ.