పట్టే యూనిట్లు, నడిచే యూనిట్లు: ఇంటి సోలార్ బ్యాటరీ ఖరీదు, విలువ

సభకు నమస్కారం.

ఇంటి మీద సోలార్ ప్యానెళ్లు పెట్టుకున్నవారూ, పెట్టుకోవాలనుకుంటున్నవారూ ఇప్పుడు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. బ్యాటరీ కూడా పెట్టిస్తే గిట్టుబాటవుతుందా? దీనికి అవుననో కాదనో ఒక్కమాటలో జవాబు చెప్పేవారిని నేను నమ్మను. అదే కంపెనీ తయారు చేసిన, అదే సైజు, అదే ఖరీదు గల బ్యాటరీ ఒక ఇంట్లో పెట్టిన డబ్బంతా తిరిగి తెస్తుంది, మరో ఇంట్లో పదేళ్లు గడిచినా అసలే తీరదు. ఆ తేడాకు కారణాన్ని ఆ ఇంట్లో సాయంత్రం పూట సాగే వాడకంలోనూ, ఆ ఇంటి కరెంటు బిల్లు కట్టే పద్ధతిలోనూ వెతకాలి.

ముందు వస్తువు గురించి కొంచెం చెప్పుకుందాం. తిరిగి ఛార్జి చేసుకోగలిగిన లెడ్ యాసిడ్ బ్యాటరీని గాస్టన్ ప్లాంటే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1859లో తయారు చేశాడు. నూరేళ్లకు పైగా ఇళ్లలో కరెంటు దాచుకోవడమంటే దానితోనే. లిథియం అయాన్ బ్యాటరీని సోనీ సంస్థ 1991లో మార్కెట్లోకి తెచ్చింది. అందుకు పునాది వేసిన జాన్ గుడ్‌ఇనఫ్, స్టాన్లీ విటింగామ్, అకిరా యోషినోలకు 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఇవాళ ఇళ్లలో పెడుతున్న బ్యాటరీల్లో ఎక్కువ భాగం లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకానివి. గుడ్‌ఇనఫ్ బృందమే 1990ల చివర్లో వెలుగులోకి తెచ్చిన ఈ పదార్థం కారు బ్యాటరీల్లో వాడే కొన్ని ఇతర రకాల కంటే బరువెక్కువ. గోడకు బిగించి వదిలేసే వస్తువుకు బరువు పెద్ద లోపం కాదు కనుకా, వేడికి ఓర్చుకుని వేల సార్లు ఛార్జి, డిశ్చార్జి అవగలదు కనుకా ఇంటికి ఇది బాగా కుదిరింది.

ఇక లెక్కలోకి వద్దాం. బ్యాటరీ అమ్మేవారు మొదట చెప్పే అంకె అందులో పట్టే కరెంటు, ఉదాహరణకు పది కిలోవాట్ గంటలు, వాడుక మాటలో పది యూనిట్లు. కొనేవాడు కూడా ఖరీదును పదితో భాగించి యూనిట్‌కు ఇంత పడిందని చూసుకుంటాడు. ఆ భాగహారం రెండు బ్యాటరీలను పోల్చడానికి కొంత పనికొస్తుందే తప్ప, మన డబ్బు తిరిగి వస్తుందా అన్నది చెప్పదు. చెప్పగలిగిన అంకె మరొకటుంది. బ్యాటరీ తన జీవితకాలం మొత్తంలో ఎన్ని యూనిట్లను పగటి నుంచి రాత్రికి చేరవేస్తుంది? పట్టే యూనిట్లను కాక నడిచే యూనిట్లను లెక్కపెట్టాలని నేను అంటున్నది అందుకే.

పది యూనిట్ల బ్యాటరీనే తీసుకుందాం. పూర్తిగా ఖాళీ చేయకూడదు కనుక వాడుకోదగినవి తొమ్మిది అనుకోండి. ఏళ్లు గడిచేకొద్దీ సామర్థ్యం తగ్గుతుంది. మబ్బు పట్టిన రోజుల్లో అది నిండదు, ఇంట్లో ఎవరూ లేని రోజుల్లో ఖాళీ కాదు. ఇవన్నీ కలిపి సగటున రోజుకు ఏడు యూనిట్లు నడుస్తాయనుకుంటే పదేళ్లలో, అంటే 3,650 రోజుల్లో, 25,550 యూనిట్లు అవుతాయి. ప్యానెళ్ల, బ్యాటరీ కరెంటును ఇంట్లో వాడుకోదగిన కరెంటుగా మార్చే ఇన్వర్టర్, వైరింగ్, బిగింపు కూలీ అన్నీ కలిపిన మొత్తం ఖరీదును ఆ సంఖ్యతో భాగిస్తే ఒక్కో యూనిట్‌ను సాయంత్రానికి దాచినందుకు మీరు చెల్లిస్తున్న అసలు ధర తేలుతుంది. అదే బ్యాటరీని రాత్రికి మూడు యూనిట్లే వాడే ఇంట్లో పెట్టండి. పదేళ్లకు నడిచేవి 10,950 యూనిట్లే. ఖరీదు మారలేదు, యూనిట్‌కు పడే భారం మాత్రం రెండుంపావు రెట్లు దాటింది. పెద్ద బ్యాటరీ తీసుకుంటే మంచిదన్న సలహా చాలా ఇళ్లకు చేసే నష్టం ఇదే. సగం ఎప్పుడూ నిండుగానే ఉండిపోయే బ్యాటరీకి పూర్తి ధర కడుతున్నామన్న సంగతి బిల్లులో ఎక్కడా కనిపించదు.

దాచే ధర తేలాక, దాచినందువల్ల వచ్చే లాభం తేలాలి. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. రాత్రి గ్రిడ్ నుంచి, అంటే ఊరంతటికీ కరెంటు తెచ్చే లైన్ల నుంచి, కొనే యూనిట్ ధర ఎంతో, దాచిన ప్రతి యూనిట్ మీదా అంత మిగిలిందనుకుంటారు. కానీ ఆ యూనిట్‌ను దాచకపోతే అది గాలిలో కలిసిపోయేది కాదు. గ్రిడ్‌కు వెళ్లేది, దానికీ ఎంతో కొంత ప్రతిఫలం వచ్చేది. కాబట్టి లాభమంటే కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య ఉన్న తేడా మాత్రమే, అందులోంచి కూడా బ్యాటరీలో పోయే నష్టాన్ని తీసేయాలి. పది యూనిట్లు లోపలికి పంపితే తొమ్మిది బయటికొస్తాయనుకుని రెండు సందర్భాలు చూద్దాం. మొదటి దానిలో పూర్తి నెట్ మీటరింగ్ ఉంది, పగలు పది యూనిట్లు గ్రిడ్‌కు ఇస్తే రాత్రి పదీ తిరిగి లెక్కకు వస్తాయి. అక్కడ బ్యాటరీ పది తీసుకుని తొమ్మిది ఇస్తుంది, అంటే ఖరీదు సంగతి అటుంచి రోజూ ఒక యూనిట్ నష్టం. రెండో సందర్భంలో గ్రిడ్‌కు ఇచ్చిన యూనిట్‌కు కొనే ధరలో నాలుగో వంతే చెల్లిస్తారు. అక్కడ పది యూనిట్లు అమ్మితే రెండున్నర యూనిట్ల విలువ వస్తుంది, దాచుకుంటే తొమ్మిది యూనిట్ల విలువ వస్తుంది. తేడా రోజుకు ఆరున్నర. ఇల్లు మారలేదు, ఎండ మారలేదు, బ్యాటరీ మారలేదు. మారింది బిల్లు నిబంధన ఒక్కటే.

ఇది ఊహించి చెబుతున్న పరిస్థితి కాదు. కాలిఫోర్నియాలో 2023 ఏప్రిల్ నుంచి కొత్తగా చేరే ఇళ్లకు పాత నెట్ మీటరింగ్ ఆపేసి, గ్రిడ్‌కు ఇచ్చే కరెంటు విలువను సుమారు నాలుగో వంతుకు తగ్గించారు. అంతవరకు అక్కడ ప్యానెళ్లతో పాటు బ్యాటరీ పెట్టించుకునేవారు కొద్దిమందే. ఆ తర్వాత అదే సాధారణమైంది. ఆ తగ్గింపు వెనక న్యాయమైన కారణం కూడా ఉంది. మధ్యాహ్నం అందరి ఇళ్ల మీదా ఒకేసారి ఎండ కాస్తుంది కనుక ఆ వేళ గ్రిడ్ కరెంటుకు గిరాకీ పడిపోతుంది, పొద్దు వాలగానే వాడకం ఒక్కసారిగా లేస్తుంది. ఈ ఎత్తుపల్లాలను అక్కడి గ్రిడ్ నిర్వాహకులు 2013లో గీసి చూపిన రేఖ బాతు ఆకారంలో ఉండటంతో దానికి డక్ కర్వ్ అన్న పేరు స్థిరపడింది. సోలార్ పెరిగిన ప్రతి చోటా ఇదే జరుగుతుంది. వేళను బట్టి ధర మారే పద్ధతి మీ బిల్లులో ఉంటే, బ్యాటరీ విలువ సాయంత్రపు ఆ నాలుగైదు గంటల్లోనే తేలిపోతుంది.

ఒక మామూలు రోజు బ్యాటరీ ఎలా గడుపుతుందో దగ్గరగా చూస్తే సంగతి ఇంకా స్పష్టపడుతుంది. తెల్లవారేసరికి అది దాదాపు ఖాళీ. ఎనిమిది దాటాక ప్యానెళ్ల నుంచి వచ్చే కరెంటు ముందు ఇంటి వాడకానికి పోయి, మిగిలింది బ్యాటరీలోకి వెళ్తుంది. ఎండ బాగుంటే పన్నెండు గంటలకే నిండిపోతుంది, అక్కడి నుంచి నాలుగింటి దాకా మిగులంతా గ్రిడ్‌కే. సాయంత్రం ఆరింటికి ఖర్చు మొదలవుతుంది. ఏసీ, వంట, వేడినీళ్లు ఒకేసారి నడిస్తే తొమ్మిది యూనిట్లు రాత్రి పదకొండు లోపే అయిపోతాయి. ఈ రోజంతటిలో ఎవరూ గమనించని ఖర్చు ఒకటుంది. ఇన్వర్టరూ దాని నియంత్రణ పరికరాలూ ఏ పనీ లేకపోయినా కొంత కరెంటు తింటూనే ఉంటాయి. అది యాభై వాట్లే అనుకున్నా ఇరవై నాలుగు గంటలకు 1.2 యూనిట్లు. రోజుకు ఏడు యూనిట్లు చేరవేసే యంత్రంలో అది చిన్న సంగతి కాదు, ఏడాదికి 438 యూనిట్లు. కొనేముందు అమ్మేవారిని ఆ అంకె కూడా అడిగి తెలుసుకోండి. సాంకేతిక వివరాల పత్రంలో అది ఏదో ఒక మూల ఉంటుంది.

ఇప్పటిదాకా డబ్బు లెక్కే చెప్పాను. కరెంటు పోయినప్పుడు ఇల్లు నడవడం వేరే విలువ, దాన్ని విడిగా తూచాలి. ప్యానెళ్లు ఉన్నాయి కదా, కరెంటు పోతే పగలు అవే నడిపిస్తాయని చాలామంది అనుకుంటారు. గ్రిడ్‌కు కలిపిన మామూలు ఇన్వర్టర్ కరెంటు పోగానే తనంతట తాను ఆగిపోతుంది. ఆగాలి కూడా, లేకపోతే తీగల మీద మరమ్మతు చేస్తున్న లైన్‌మన్ ప్రాణానికే ప్రమాదం. బ్యాటరీ ఉన్నంత మాత్రాన కూడా సరిపోదు. గ్రిడ్ నుంచి ఇంటిని విడదీసి సొంతంగా నడిపించే ఏర్పాటు ఆ ఇన్వర్టర్‌లో ఉండాలి, దానికి విడిగా డబ్బు కట్టాలి. ఆ పైన గంటల లెక్క వేరు, బలం లెక్క వేరు. బావిలో ఎన్ని నీళ్లున్నాయన్నది ఒకటి, చేద ఎంత పెద్దదన్నది ఇంకొకటి. తొమ్మిది యూనిట్లున్నా ఇన్వర్టర్ ఒకేసారి మూడు కిలోవాట్లే ఇవ్వగలిగితే, మోటారు స్టార్ట్ అయ్యే క్షణంలో లాగే ఐదారు రెట్ల కరెంటుకు అది తట్టుకోలేక ఆగిపోవచ్చు. లైట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్, ఇంటర్నెట్ మాత్రమే నడిపితే ఆ తొమ్మిది యూనిట్లతో ఒక పగలూ ఒక రాత్రీ నిశ్చింతగా గడుస్తాయి. కిలోన్నర వాట్లు లాగే ఏసీ ఒక్కదానితో ఆరు గంటల్లో అయిపోతాయి. ఇంట్లో ఆక్సిజన్ యంత్రం మీద ఆధారపడిన మనిషి ఉంటే ఈ భద్రతకు ధర కట్టలేం, అక్కడ గిట్టుబాటు ప్రశ్నే అనవసరం. ఏడాదికి రెండుసార్లు గంటసేపు కరెంటు పోయే ఇంటికి మాత్రం ఆ భయాన్ని చూపించి అమ్మడం సబబు కాదని నా అభిప్రాయం.

మన్నిక సంగతికొస్తే, బ్యాటరీ రెండు విధాలుగా ముసలిదవుతుంది, వాడకం వల్లా, కాలం వల్లా. వాడకపోయినా వయసు ఆగదు. వేడి రెండింటినీ తొందర పెడుతుంది. గడ్డకట్టే చలిలో ఛార్జి చేయడం కూడా లిథియం బ్యాటరీకి శాశ్వత హాని చేస్తుంది. అందుకే ఎండ తగిలే గోడ మీద కాకుండా, నీడా గాలీ ఉన్న చోట, పడకగదికీ బయటికి పోయే దారికీ ఎడంగా పెట్టించాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ తేలిగ్గా అంటుకోదన్నది నిజమే, అయినా లోపల సెల్ దెబ్బతింటే మండే వాయువులు విడుదలవుతాయి కనుక జాగ్రత్త తప్పదు.

వారంటీ పత్రాన్ని మాత్రం కూర్చుని పూర్తిగా చదవమని గట్టిగా చెబుతాను. పదేళ్ల వారంటీ అన్న పెద్ద అక్షరాల కింద మామూలుగా ఇంకో హద్దు ఉంటుంది, మొత్తం ఇన్ని యూనిట్లు నడిచేవరకేనని. రెండింటిలో ఏది ముందు వస్తే అక్కడితో హామీ ముగుస్తుంది. పది యూనిట్ల బ్యాటరీకి 30,000 యూనిట్ల హద్దు ఉంటే మన లెక్కలోని 25,550కి అది సరిపోతుంది. రోజూ రెండుసార్లు ఛార్జి చేయించి లాభం పిండుకుందామనుకునేవారికి ఐదారేళ్లలోనే అయిపోతుంది. పదేళ్ల చివర 70 శాతం సామర్థ్యం మిగులుతుందని హామీ ఇస్తే, అంతవరకు పడిపోవడాన్ని లోపంగా పరిగణించరన్న అర్థం కూడా అందులోనే ఉంది.

బ్యాటరీ కంటే చౌకగా అదే పని చేసే మార్గాలను ముందు వాడుకున్నవారికే నా మాట ఎక్కువ ఉపయోగం. వాషింగ్ మెషీన్, నీళ్ల పంపు, గీజర్ మధ్యాహ్నం నడిచేలా టైమర్ పెడితే ఆ యూనిట్లను దాచాల్సిన అవసరమే ఉండదు. వేడినీళ్ల ట్యాంకు కూడా కరెంటు దాచుకునే సాధనమే, దానికి ఇన్నిసార్లే ఛార్జి చేయాలన్న హద్దు లేదు. విద్యుత్ కారు పగలు ఇంట్లోనే ఉంటే అది మింగే కరెంటు ముందు ఇంటి బ్యాటరీ చాలా చిన్నది. కారు నుంచి ఇంటికి కరెంటు ఇచ్చే పద్ధతి కూడా కొత్తదేమీ కాదు. ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్రం ప్రమాదం తర్వాత, 2012లో, నిస్సాన్ లీఫ్ కారుతో జపాన్‌లో అది ఇళ్లకు వచ్చింది. ఇవన్నీ చేశాక సాయంత్రానికి ఇంకా ఎన్ని యూనిట్లు కావలసి వస్తున్నాయో, ఆ సంఖ్యకు తగిన బ్యాటరీయే మీ బ్యాటరీ.

ధరలు ఇంకా తగ్గుతాయి కదా, ఆగమంటారా అని అడుగుతారు. 2010తో పోలిస్తే లిథియం బ్యాటరీ ప్యాక్‌ల ధర సుమారు తొంభై శాతం పడిపోయింది. కానీ మీరు కట్టే బిల్లులో బ్యాటరీ ఒక భాగమే. ఇన్వర్టర్, స్విచ్‌లూ రక్షణ పరికరాలూ, పనివాళ్ల కూలీ, అనుమతుల ఖర్చు అంత వేగంగా తగ్గవు. నేనైతే ప్యానెళ్లు పెట్టించే రోజే బ్యాటరీని తర్వాత కలుపుకోగల హైబ్రిడ్ ఇన్వర్టర్ తీసుకోమంటాను, గోడ మీద చోటూ వైరింగ్‌కు దారీ అప్పుడే వదిలిపెట్టమంటాను. తర్వాత ఒక ఏడాది అన్ని రుతువుల్లోనూ మీటరు చూపే అంకెలు రాసుకుంటే సాయంత్రం ఆరు నుంచి తెల్లవారేదాకా మీ ఇల్లు నిజంగా ఎన్ని యూనిట్లు తింటుందో చేతికొస్తుంది. ఆ అంకెను బట్టి చిన్న మాడ్యూల్‌తో, అంటే ఒక్క బ్యాటరీ పెట్టెతో, మొదలుపెట్టి, చాలకపోతే ఇంకొకటి చేర్చుకోవచ్చు. చేర్చదలిస్తే మాత్రం రెండేళ్లలోపే చేర్చండి. అరిగిపోయిన పాత మాడ్యూల్ పక్కన కొత్తది పెడితే చాలా వ్యవస్థల్లో కొత్తది కూడా పాతదాని సామర్థ్యానికే కట్టుబడి పనిచేస్తుంది, పైగా అప్పటికి అదే నమూనా మార్కెట్లో దొరక్కపోవచ్చు.