పొద్దున్నే క్యూ, రాత్రికి షేక్స్‌పియర్

నమస్కారమండీ. నేను తెనాలి నుంచి. 32 ఏళ్ళు బ్యాంకు కౌంటర్ వెనకాల కూర్చుని, అవతల క్యూలో నిలబడ్డవాళ్ళ విసుగు మొహాలు చూస్తూ ఉద్యోగం చేసినదాన్ని. రిటైరయ్యాక ఓ రోజు నేనే 5 గంటలు క్యూలో కూర్చున్నాను. అదీ అమెరికాలో, అదీ ఒక నాటకం కోసం. ఆ సంగతే చెబుదామని వచ్చాను.

2019 జూన్. ఎడిసన్‌లో, అంటే న్యూజెర్సీలో, మా అమ్మాయి దగ్గరున్నాను. అక్కడికెళ్ళిన మనలాంటి తల్లిదండ్రుల దినచర్య మీకు తెలిసిందే కదా, సోమవారం నుంచి శుక్రవారం దాకా ఇంట్లో కిటికీలోంచి రోడ్డు చూడటం, శనాదివారాలు గుడీ, ఇండియన్ షాపూ, ఎవరింట్లోనో పుట్టినరోజూ. అలాంటిది ఓ సాయంత్రం అమ్మాయి వచ్చి, "అమ్మా, న్యూయార్క్ సెంట్రల్ పార్కులో షేక్స్‌పియర్ వేస్తున్నారు, టికెట్ లేదు, వెళ్దామా?" అంది. టికెట్ లేకపోతే ఎందుకే వెళ్ళడం అన్నాను. టికెట్ దొరకదని కాదట, డబ్బులు అక్కర్లేదని. మా అల్లుడు పక్కనుంచి, "అత్తయ్యగారూ, ఊరికే ఇచ్చేదానికి జనం పొద్దున్నుంచి కాపలా కాయాలి. అదేదో 100 డాలర్లు పారేస్తే బ్రాడ్‌వేలో ఏసీలో కూర్చుని చూడొచ్చు" అన్నాడు. ఫ్రీ అంటే జనానికి లెక్కుండదని కూడా ఒక ముక్క కలిపాడు. అల్లుడితో వాదన ఎందుకులే అని ఊరుకున్నాను గానీ, ఆ మాట మాత్రం బుర్రలో ఉండిపోయింది.

తెల్లారగట్ల లేచి పులిహోర కలిపాను. ఎడిసన్‌లో రైలెక్కి, పెన్ స్టేషన్‌లో దిగి, అక్కణ్ణుంచి సబ్‌వేలో 81వ వీధికి చేరేసరికి ఏడు దాటింది. పార్కు గేట్లు ఆరింటికి తెరుస్తారు. అంతకుముందే వచ్చినవాళ్ళు బయట ఫుట్‌పాత్ మీద వరస కట్టి, తెరవగానే అదే వరసలో లోపలికి నడిచి వస్తారు. మేం వెళ్ళేసరికి చెట్ల కింద బాట వెంబడి లైను ఎక్కడో మలుపు తిరిగి కనిపించకుండా పోయింది. నా గుండె జారింది. అమ్మాయి మాత్రం, "పర్లేదమ్మా, 1,800 సీట్లు" అంది.

ఇక్కడ నా ఉద్యోగపు కన్ను తెరుచుకుంది. ఎన్ని క్యూలు చూశానండీ నేను! మనిషి బదులు చెప్పు పెట్టి పోవడం, సంచీ పెట్టి పోవడం, "మా బావగారు వస్తున్నారు, కాస్త జాగా ఉంచండి" అనడం. ఇక్కడ ఆ పప్పులుడకవు. టికెట్ కావాలన్నవాడు మొదటి నుంచీ లైనులో ఉండాల్సిందే, మధ్యలో వచ్చి స్నేహితుడి పక్కన దూరడం కుదరదు. బాత్రూంకి వెళ్ళి రావచ్చు. మనిషికి రెండు టికెట్లు, ఇచ్చేది మధ్యాహ్నం పన్నెండింటికి. ఈ రూల్సన్నీ ఒక కుర్రాడు లైను పొడుగునా నడుస్తూ, పాతిక మందికోసారి ఆగి, గొంతెత్తి చెప్పుకుంటూ పోయాడు. ఎవరూ గొణగలేదు. నాకు ఈర్ష్యేసింది, నిజం చెబుతున్నాను.

ఇక ఆ 5 గంటలు ఎలా గడిచాయంటారా? మా ముందు ఒక పెద్దాయన మడత కుర్చీ వేసుకుని పజిల్ నింపుకుంటున్నాడు. వెనకాల ఇద్దరు కాలేజీ పిల్లలు దుప్పటి పరుచుకుని నిద్రపోయారు. ఎవరో ఫోన్ చేస్తే సైకిల్ మీద ఒకడు బేగెల్స్ అనే గుండ్రటి రొట్టెలూ, కాఫీ తెచ్చి, "ఆ చెట్టు దగ్గర ఎర్రటోపీ ఎవరు?" అని వెతుక్కుంటూ తిరిగాడు. పది గంటలకి మేం పులిహోర డబ్బా తీశాం. ఇంగువ వాసనకి పెద్దాయన పజిల్ పక్కన పెట్టాడు. ఒక చెంచాడు పెట్టాను. ఆవాలనీ, మిరపకాయనీ చూసి కాస్త భయపడ్డాడు గానీ తిన్నాడు, తిన్నాక ఇక మాట్లాడటం ఆపలేదు. చిన్నప్పటి నుంచీ ఈ లైనులో కూర్చుంటున్నాడట.

ఆయన మొదలుపెట్టిన కథ, మిగతాది తర్వాత నేను చదివి తెలుసుకున్నది, కలిపి చెబుతాను.

దీనంతటికీ మూలపురుషుడు జోసెఫ్ పాప్. 1921లో బ్రూక్లిన్‌లో, వలస వచ్చిన పేద యూదు కుటుంబంలో పుట్టాడు. తండ్రి ట్రంకు పెట్టెలు చేసేవాడు. ఇంట్లో పుస్తకాలు కొనే స్తోమత లేదు, ఊళ్ళో ఉచిత గ్రంథాలయం ఉంది, షేక్స్‌పియర్‌ని అక్కడ చదువుకున్నాడు. పుస్తకం ఊరికే దొరికినప్పుడు నాటకం ఎందుకు దొరక్కూడదన్నదే ఆయన పట్టు. 1954లో ఒక చర్చిలో చిన్న బృందంగా మొదలెట్టి, 1956లో ఈస్ట్ రివర్ ఒడ్డున ఆరుబయట నాటకాలు వేసి, 1957లో లారీ మీద స్టేజీ కట్టుకుని పేటపేటకీ తిరిగాడు. ఆ లారీ సెంట్రల్ పార్కుకొచ్చి చెరువు దగ్గర మొరాయించిందనీ, అందుకే నాటకం అక్కడే స్థిరపడిందనీ చెప్పుకుంటారు. మన పల్లెల్లో రథం ఆగిన చోట గుడి కట్టారని చెప్పుకునే కథలాగే ఉంది కదా!

అప్పుడు తగిలాడండీ రాబర్ట్ మోజెస్. నగర పార్కుల కమిషనర్. న్యూయార్క్‌లో వంతెనలు, రోడ్లు, పార్కులు సగం ఈయన చేతి మీదుగా పడ్డవే, ఎదురు చెప్పినవాడు బతికి బట్టకట్టింది లేదని పేరు. 1959లో ఆయన పాప్‌తో, జనం తొక్కి పార్కులో గడ్డి పాడవుతోంది, ఆ ఖర్చుకి మనిషికి ఒక డాలరో రెండు డాలర్లో టికెట్ పెట్టు, లేదా నాటకం ఆపు అన్నాడు. డబ్బు కోసం గడ్డి తినేవాళ్ళని మనం బోలెడుమందిని చూశాం గానీ, గడ్డి కోసం డబ్బడిగినవాడు నాకు తెలిసి ఈయనొక్కడే. పాప్ ససేమిరా అన్నాడు. కోర్టుకెళ్ళాడు. కింది కోర్టులో ఓడిపోయాడు, పై కోర్టులో గెలిచాడు. మోజెస్ షరతు సబబు కాదని పై కోర్టు తేల్చేసింది. ఇంకా విచిత్రం, ఓడిపోయాక ఆ మోజెస్సే అక్కడ పక్కా రంగస్థలం కట్టడానికి నగరం చేత డబ్బు పెట్టించే పనికి పూనుకున్నాడు. మిగతా సొమ్ము జార్జ్ డెలకోర్ట్ అనే ప్రచురణకర్త ఇచ్చాడు. ఆయన పేరు మీదే డెలకోర్ట్ థియేటర్ 1962 జూన్‌లో వెనిస్ వర్తకుడి నాటకంతో మొదలైంది.

వెనిస్ వర్తకుడంటే మా తరానికి నాన్-డిటైల్డ్ గుర్తొస్తుంది. పౌండు మాంసం, షైలాక్, పరీక్షకి పది మార్కుల ప్రశ్న. అంతకంటే ముందే, మన కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1880లో రాజమండ్రిలో షేక్స్‌పియర్ కామెడీ ఒకటి తీసుకుని చమత్కార రత్నావళి అని రాసి, ఆడించారు కూడా. అంటే తెలుగువాళ్ళం ఈయన ఇంటికి కొత్త చుట్టాలమేం కాదు. పరీక్షల పుణ్యమా అని మధ్యలో మొహం చాటేశామంతే.

పన్నెండింటికి లైను కదిలింది. నాకూ అమ్మాయికీ కలిపి నాలుగు టికెట్లు చేతిలో పడ్డాయి. బంగారం రుణం శాంక్షనైన ఖాతాదారు మొహం ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు, ఆ క్షణాన నా మొహం అలాగే ఉండి ఉంటుంది. ఒకటి మాత్రం నాకు నచ్చలేదు. విరాళాలిచ్చిన పెద్దవాళ్ళకి కొన్ని సీట్లు ముందే అట్టిపెడతారు. సంస్థ నడవాలంటే తప్పదంటారు, నిజమే కావచ్చు, కానీ 5 గంటలు నేల మీద కూర్చున్నాక నేరుగా నడిచొచ్చి ముందు వరసలో కూర్చునేవాణ్ణి చూస్తే ఒళ్ళు మండుతుంది.

సాయంత్రం అల్లుడూ, పన్నెండేళ్ళ మనవరాలూ వచ్చి కలిశారు. ఎనిమిదింటికి నాటకం. పైన కప్పు లేదు. అర్ధచంద్రాకారంగా మెట్ల వరసల్లో సీట్లు, మధ్యలో స్టేజీ, స్టేజీ వెనకాల తాబేళ్ళ కొలను, దాని పైన రాతిగుట్ట మీద బెల్వెడేర్ కోట. జూన్‌లో అక్కడ ఎనిమిదిన్నర దాకా వెలుగుంటుంది, కాబట్టి మొదటి సీన్లు పట్టపగలే జరుగుతున్నట్టుంటాయి, తర్వాత ఆకాశం నెమ్మదిగా నల్లబడుతూ వచ్చి లైట్ల పని మొదలవుతుంది.

ఆ ఏడు వేసింది మచ్ అడో అబౌట్ నథింగ్. కెన్నీ లియోన్ దర్శకుడు, నటీనటులందరూ నల్లజాతివాళ్ళు. ఇటలీ కథని తీసుకొచ్చి అమెరికాలో జార్జియా రాష్ట్రంలో పెట్టారు. ఎర్ర ఇటుకల పెద్ద మేడ, దాని మీద ఎన్నికల బ్యానరు. బియాట్రిస్‌గా డానియెల్ బ్రూక్స్ నోరు విప్పగానే నాకు మా మేనత్త గుర్తొచ్చింది, అంత వాటం. బియాట్రిస్, బెనెడిక్ ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పడదు, కనిపిస్తే చాలు మాటకి మాట. మన ఇళ్ళల్లో బావామరదళ్ళ ఎకసెక్కాలే. ఇంగ్లీషు నాకు సగం అర్థం కాలేదండీ, దాచడం ఎందుకు. నాలుగు వందల ఏళ్ళ నాటి భాష, దానికి జార్జియా యాస. కానీ చిన్నప్పుడు శ్రీరామనవమి పందిట్లో చాప మీద పడుకుని రాయబారం పద్యాలు విన్నప్పుడు మాత్రం నాకు ప్రతి సమాసం అర్థమైందా? ఎవడు ఎవణ్ణి ఏమంటున్నాడో తెలిసేది, అది చాలు. పాడినవాణ్ణి మా నాన్న మూడుసార్లు వన్స్ మోర్ కొట్టించేవాడు. ఇక్కడ వన్స్ మోర్ లేదు, అదొక్కటే లోటు.

బాగా చీకటి పడ్డాక పెళ్ళి సీను. పీటల మీద పెళ్ళి చెడిపోవడం అంటారే, అదే. పెళ్ళికొడుకు క్లాడియో, హీరో అనే పేరున్న పెళ్ళికూతురి మీద అందరి ముందూ అభాండం వేసి వదిలేసిపోతాడు. అప్పటిదాకా పడీపడీ నవ్విన జనం చప్పుడు చెయ్యడం మానేశారు. పిల్ల పక్షాన బియాట్రిస్ ఏడుస్తుంటే, బెనెడిక్ దగ్గరికొచ్చి నువ్వంటే నాకిష్టం, నీ కోసం ఏం చెయ్యమంటే అది చేస్తానంటాడు. ఆమె అడిగేది రెండే ముక్కలు. క్లాడియోని చంపెయ్. నా మనవరాలు గబుక్కున నా మణికట్టు పట్టుకుంది, గాజు నొక్కుకుంది కూడా. సరిగ్గా అప్పుడే పైన ఒక విమానం వెళ్తోంది, స్టేజీ మేడ పక్కన గోడ మీద ఒక రకూన్, పిల్లి కన్నా కాస్త పెద్దది, కళ్ళకి నల్ల గంతలు కట్టినట్టుంటుంది, తాపీగా ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచిపోయింది. ఒక్కరూ దానివైపు తిరగలేదు. ఫ్రీ అంటే లెక్కుండదన్న మా అల్లుడు కుర్చీ అంచు మీదకి జరిగి నోరు తెరుచుకుని చూస్తున్నాడు. నేనేమీ అనలేదు. రైల్లో తిరిగొచ్చేటప్పుడు తనే, "అత్తయ్యగారూ, వచ్చే ఏడు లైనుకి నేనొస్తాను" అన్నాడు.

వచ్చే ఏడంటే 2020. సంగతి మీకు తెలుసు. పార్కులో నాటకం లేదు. అయితే ఏం చేశారో తెలుసా? వేద్దామనుకున్న రిచర్డ్ టూ నాటకాన్ని రేడియోలో వేశారు. జూలైలో వరసగా నాలుగు రాత్రులు, నటులు ఎవరిళ్ళలో వాళ్ళుండి రికార్డు చేసి పంపితే కలిపి డబ్ల్యూఎన్‌వైసీ అనే న్యూయార్క్ రేడియోలో ప్రసారం చేశారు. లాక్‌డౌన్‌లో తెనాలిలో మా డాబా మీద, ఫోన్లో పెట్టుకుని విన్నాను. కిరీటం వదులుకునే రాజుగారి గొంతు ఒక చెవిలో, పక్కింటి కుక్కర్ కూత ఇంకో చెవిలో. రేడియో నాటకానికి చెవి కోసుకునే ఇంట్లో పెరిగినదాన్ని, పార్కు లేని లోటు నాకు పెద్దగా తెలియలేదు.

తర్వాత థియేటర్ పాతబడిందని మూసి, 8 కోట్ల 50 లక్షల డాలర్లు పెట్టి బాగు చేసి, 2025 ఆగస్టులో ట్వెల్త్ నైట్‌తో మళ్ళీ తెరిచారు. బయట గోడలకి వాడిన చెక్క, న్యూయార్క్ మేడల మీద ఉండే పాత నీళ్ళ ట్యాంకులదట. టికెట్ మాత్రం ఇప్పటికీ సున్నా.

మీ పిల్లలు న్యూయార్క్ పక్కన లేకపోయినా ఫర్వాలేదు. బోస్టన్‌లో కామన్ అనే పార్కులో ఏటా వేస్తున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కో వాళ్ళు 1983లో మొదలుపెట్టారు, మనవాళ్ళు కిక్కిరిసి ఉండే కూపర్టినో, ప్లెజంటన్ పార్కుల్లో కూడా ఆడారు. అలాంటి చోట్ల టికెట్ కొనక్కర్లేదు, చాపో దుప్పటో పట్టుకెళ్ళి గడ్డి మీద కూలబడటమే.

సెంట్రల్ పార్కుకే వెళ్ళేట్టయితే ఒకటి గుర్తుపెట్టుకోండి. చిన్న వానకి నాటకం ఆపరు, మరీ పెద్దదైతేనే కాసేపు నిలిపి చూస్తారు, లోపల గొడుగు తెరవనివ్వరు. ప్లాస్టిక్ రెయిన్‌కోటు ఒకటి సంచీలో పడేసుకోండి. పులిహోర ఇంకో మనిషికి సరిపడా ఎక్కువే కలపండి. ఉంటానండీ, నమస్కారం.