కలరాను అర్థం చేసుకోవడానికి ఎన్ని శాస్త్రాలు కావాలి?

నమస్కారం.

“ప్రయోగశాలలో రుజువు చేస్తేనే శాస్త్రం, మిగతాదంతా అభిప్రాయం.” బాగా చదువుకున్నవాళ్ల నోట కూడా ఈ మాట వినపడుతూనే ఉంటుంది. విన్న ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది. అక్కడితో ఆగరు, వరస కూడా పెడతారు. అన్నిటికన్నా పైన భౌతికశాస్త్రం, దాని కింద రసాయనశాస్త్రం, ఆ తర్వాత జీవశాస్త్రం. అర్థశాస్త్రం, సమాజశాస్త్రం, చరిత్ర ఎక్కడో అట్టడుగున. ఈ వరస ఎందుకు తప్పో ఒకే ఒక్క ఉదాహరణ పట్టుకుని చెబుతాను. ఆ ఉదాహరణ కలరా.

దానికి ముందు ఒక సంగతి. ప్రయోగమే గీటురాయి అనుకుంటే మొదటి వేటు ఖగోళశాస్త్రం మీదే పడుతుంది. నక్షత్రాన్ని తెచ్చి బల్ల మీద పెట్టి పరీక్షించినవాళ్లు లేరు. దాని నుంచి వచ్చే వెలుగును చదవడమే వాళ్ల పని. భూగర్భశాస్త్రానిదీ అదే పరిస్థితి. 6.6 కోట్ల ఏళ్ల కిందట గ్రహశకలం ఢీకొని డైనోసార్లు అంతరించాయని చెప్పేవారు దాన్ని మళ్లీ ఢీకొట్టించి చూపలేరు. భూమి మీద అరుదుగా, గ్రహశకలాల్లో ఎక్కువగా ఉండే ఇరిడియం అనే లోహం ఆ కాలపు మట్టి పొరలో ఎంత ఉందో కొలిచి చెబుతారు. మరోవైపు మనస్తత్వశాస్త్రానికి 1879లోనే లైప్‌జిగ్‌లో ప్రయోగశాల ఏర్పడింది. పేదరికం మీద పనిచేసే ఆర్థికవేత్తలు కొన్ని గ్రామాలను లాటరీ తీసినట్టు ఎంచుకుని, అక్కడ ఒక పథకం అమలు చేసి, మిగతా గ్రామాలతో పోల్చి చూస్తారు. ఇలాంటి ప్రయోగాలకే 2019లో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, మైకేల్ క్రేమర్‌లకు అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ప్రయోగం చేయగలిగేవాళ్లూ, చేయలేనివాళ్లూ రెండు వైపులా ఉన్నారన్నమాట.

ఇక కలరా దగ్గరికి వద్దాం.

(తెర మీద: 1854 నాటి లండన్ పటం. థేమ్స్ నది, దాని దక్షిణ తీరం.)

బ్రాడ్ స్ట్రీట్ చేతిపంపు కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. డాక్టర్ జాన్ స్నో మరణాలను పటం మీద గుర్తించారు, పంపు పిడి తీయించారు. ఆ కథ ఇప్పుడు చెప్పను. అదే ఏడాది థేమ్స్‌కు దక్షిణాన ఆయన అంతకంటే గొప్ప పని చేశారు. నేను చదివిన పరిశోధనలన్నిటిలో నాకు అత్యంత ఇష్టమైనది అదే.

అప్పటి వైద్యుల్లో ఎక్కువమంది కలరా చెడుగాలి వల్ల వస్తుందని నమ్మేవారు. స్నో నీళ్ల మీద అనుమానపడ్డారు. కానీ ఎలా తేల్చాలి? సగం మందికి మురికినీళ్లు, సగం మందికి మంచినీళ్లు తాగించి ఎవరు చస్తారో చూడలేం కదా. అయితే ఆ పని అప్పటికే దానంతటదే జరిగిపోయి ఉంది. దక్షిణ లండన్‌లో రెండు నీటి కంపెనీల గొట్టాలు ఒకే వీధుల్లో పక్కపక్కనే వెళ్లేవి. ఒక ఇంటికి లాంబెత్ కంపెనీ నీళ్లు వస్తే, పక్కింటికి సదర్క్ అండ్ వాక్స్‌హాల్ కంపెనీ నీళ్లు వచ్చేవి. గాలి అదే, వీధి అదే, పేదా గొప్పా తేడా కూడా లేదు. 1852లో లాంబెత్ కంపెనీ నీళ్లు తోడే చోటును నగరపు మురుగు చేరని ఎగువకు, థేమ్స్ డిట్టన్‌కు మార్చుకుంది. రెండో కంపెనీ మాత్రం మురుగు కలిసిన చోటే తోడుతూ వచ్చింది.

స్నో ఇంటింటికీ తిరిగారు. కలరాతో మనిషి చనిపోయిన ఇళ్ల తలుపులు తట్టి, “మీకు నీళ్లు ఏ కంపెనీ ఇస్తుంది?” అని అడిగారు. చాలామందికి తెలియదు. నీటి పన్ను ఇంటి యజమాని కడతాడు, అద్దెకున్నవాళ్లకు ఆ గొడవ ఎందుకు? అప్పుడు ఆయన ఏం చేశారో చూడండి. ఆ ఇంటి నీళ్లు చిన్న సీసాలో పట్టి, దాని మీద చిరునామా రాసుకుని వెంట తెచ్చుకునేవారు. ఆ నీళ్లలో సిల్వర్ నైట్రేట్ వేస్తే ఉప్పు ఎంత ఉందో తేలిపోతుంది. ఎగువ నుంచి వచ్చిన నీళ్లు కాస్త మసకబారతాయి, అంతే. దిగువన తోడిన నీళ్లలో సముద్రపు పోటు, మురుగు కలిసి ఉంటాయి కాబట్టి తెల్లటి అవక్షేపం చిక్కగా దిగుతుంది. రెండు నీళ్ల మధ్య ఉప్పులో తేడా దాదాపు 40 రెట్లు.

లెక్కలు తేలాయి. ఆ విడత మొదటి ఏడు వారాల్లో ప్రతి 10,000 ఇళ్లకు సదర్క్ కంపెనీ వైపు 315 మరణాలు, లాంబెత్ వైపు 37.

ఇప్పుడు చెప్పండి, ఇది ఏ శాస్త్రం? తలుపు తట్టి ప్రశ్నలు అడగడం సామాజిక శాస్త్రజ్ఞుల సర్వే. సీసాలో తెల్లటి అవక్షేపం రసాయనశాస్త్రం. ఇళ్లను, మరణాలను లెక్కకట్టడం గణాంకశాస్త్రం. చేసినవాడు వైద్యుడు. ఇందులో ఏ ఒక్కటి తీసేసినా పరిశోధన మిగలదు.

పైగా స్నో వాడిన తర్కం ఎక్కడికి వెళ్లిందో చూస్తే నాకు ఇప్పటికీ ఉత్సాహం ఆగదు. లోకం తనంతట తాను రెండు గుంపులను విడదీసి పెడితే వాటిని పోల్చి చూడడాన్ని సహజ ప్రయోగం అంటారు. 1992లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం కనీస వేతనాన్ని గంటకు 4.25 డాలర్ల నుంచి 5.05 డాలర్లకు పెంచింది. పొరుగునే ఉన్న పెన్సిల్వేనియా పెంచలేదు. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అనే ఆర్థికవేత్తలు సరిహద్దుకు రెండు వైపులా ఉన్న ఫాస్ట్‌ఫుడ్ దుకాణాలను ఆరా తీశారు. జీతం పెంచితే ఉద్యోగాలు ఊడిపోతాయని అందరూ అనేవారు. అక్కడ అలా జరగలేదని 1994లో ప్రచురించారు. 2021 నోబెల్‌లో కార్డ్‌కు వాటా వచ్చింది. దుకాణాలను పోల్చిన ఆ తీరుకూ, కలరా ఇళ్లను పోల్చిన స్నో తీరుకూ తర్కం ఒక్కటే.

(తెర మీద: సూక్ష్మదర్శినిలో కామా ఆకారపు బ్యాక్టీరియా.)

అయితే స్నో ఒక ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయారు. నీళ్లలో ఉన్నది ఏమిటి? ఎన్ని తలుపులు తట్టినా ఆ జవాబు దొరకదు. 1884లో జర్మన్ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ కోహ్ కలకత్తాలో ఆ బ్యాక్టీరియాను వేరుచేసి పెంచారు. కానీ దాన్ని జంతువులకు ఎక్కిస్తే కలరా రాలేదు. మ్యూనిక్‌లో మాక్స్ ఫాన్ పెటెన్‌కోఫర్ అనే పెద్దాయనకు కోహ్ మాట మీద నమ్మకం లేదు. 1892లో ఆ బ్యాక్టీరియా ఉన్న ద్రవాన్ని తానే తాగేశారు. కొద్దిగా విరేచనాలై ఊరుకున్నాయి. ప్రయోగశాల రుజువే తుది మాట అనేవారు ఈ సంఘటన దగ్గర కాసేపు ఆగాలి. ప్రయోగం జరిగింది, ఫలితం కళ్లముందే ఉంది, దాని నుంచి ఆయన తేల్చుకున్నది మాత్రం తప్పు. ఒక్క మనిషి మీద చేసిన ప్రయోగం కంటే వేల ఇళ్ల లెక్కే ఇక్కడ బలమైన ఆధారం.

చిక్కుముడి విప్పింది కలకత్తాలోనే శంభునాథ్ డే అనే శాస్త్రజ్ఞుడు. ఆయన కుందేలు చిన్నపేగులో ఒక ముక్కను రెండు వైపులా దారంతో కట్టి, మధ్యలోకి కలరా ద్రవం ఎక్కించారు. ఆ కాస్త ముక్క నీళ్లతో ఉబ్బిపోయింది. బ్యాక్టీరియాను వడకట్టి తీసేసిన ద్రవంతోనూ అలాగే ఉబ్బుతుందని 1959లో చూపించారు. మనిషిని చంపేది బ్యాక్టీరియా వదిలే విషమని అప్పుడు తేలింది. ఖరీదైన యంత్రమేమీ లేదు. ఎక్కడ వెతకాలో తెలిసిన మనిషి, దారం, పేగు. ఈయన పేరు పాఠ్యపుస్తకాల్లో స్నో పక్కన, కోహ్ పక్కన ఉండాలని నేను గట్టిగా అనుకుంటాను.

సరే, సూక్ష్మజీవి తెలిసింది. మరి 1892లో జర్మనీలోని హాంబర్గ్‌లో 8,600 మందికి పైగా ఎందుకు చచ్చిపోయారు? అప్పటికి కోహ్ చెప్పి ఎనిమిదేళ్లయింది. పక్కనే ఆనుకుని ఉన్న ఆల్టోనా పట్టణానిదీ అదే ఎల్బ్ నది, పైగా హాంబర్గ్ మురుగు కలిసిన తర్వాతి నీళ్లు. అయినా ఆల్టోనా చాలావరకు బయటపడింది, ఎందుకంటే వాళ్లు నీటిని ఇసుకలో వడకట్టేవారు. హాంబర్గ్ వడకట్టలేదు. ఎందుకు వడకట్టలేదన్న ప్రశ్నకు సూక్ష్మదర్శిని జవాబు చెప్పదు. దానికి చరిత్రకారుడు పాత దస్తావేజుల గదిలో కూర్చోవాలి. నగర సభ చర్చలు, లేఖలు, పద్దులు చదవాలి. చదివితే కనిపించేది ఇది: నగరాన్ని నడిపింది వర్తకులు, ఇళ్ల యజమానులు, వడపోత ఖర్చు ఎవరు భరించాలన్న వాదనతో ఏళ్లు గడిచాయి, కలరా వచ్చిందని ప్రకటిస్తే ఓడరేవు వ్యాపారం దెబ్బతింటుందన్న భయం తోడైంది. ఒకే దస్తావేజును నమ్మకుండా, రాసినవాడి స్వార్థం ఏమిటో తూచి, మరో నాలుగు కాగితాలతో సరిచూసి చెప్పే ఈ పనిని అభిప్రాయం అని కొట్టిపారేయడం అన్యాయం.

ఇంకొకటి. ఈ బ్యాక్టీరియా నీళ్లలో తేలే సూక్ష్మప్రాణులను అంటిపెట్టుకుని ఉంటుందని అమెరికా సూక్ష్మజీవ శాస్త్రజ్ఞురాలు రీటా కాల్‌వెల్ బృందం కనిపెట్టింది. బ్యాక్టీరియా బట్టలోంచి జారిపోతుంది, కానీ అది అంటుకున్న ప్రాణి అంత చిన్నది కాదు. అందుకని బంగ్లాదేశ్ పల్లెల్లో పాత చీరను నాలుగు మడతలకు పైగా వేసి నీళ్లు వడపోయించారు. పాత చీరే ఎందుకంటే ఉతికి ఉతికి పోగులు విచ్చుకుని సందులు చిన్నవవుతాయి. కలరా కేసులు దాదాపు సగానికి తగ్గాయని 2003లో ప్రచురించారు. ఇందులో జీవశాస్త్రం ఎంత ఉందో, ఆ ఇళ్లలో నీళ్లు ఎవరు తెస్తారు, ఏ బట్ట అందుబాటులో ఉంటుంది, ఏ పద్ధతి చెబితే పాటిస్తారు అన్న తెలివిడి కూడా అంతే ఉంది. ఆ తెలివిడి జనం మధ్య మెలిగి సంపాదించాల్సిందే.

సామాజిక శాస్త్రాలకున్న ఒక అదనపు కష్టం కూడా చెప్పాలి. బ్యాక్టీరియా తన గురించి ఎవరేం రాశారో పట్టించుకోదు. మనుషులు పట్టించుకుంటారు. 1832లో లివర్‌పూల్‌లో కలరా వచ్చినప్పుడు, వైద్యులు శవాలను కోసుకోవడానికే రోగులను ఆసుపత్రికి తీసుకెళ్లి చంపుతున్నారని జనం నమ్మి అల్లర్లు చేశారు. ఆ భయం వెనక కారణం ఉంది: కోసి చూడడానికి శవాలు అమ్మేందుకు ఎడిన్‌బరోలో ఇద్దరు వరసగా హత్యలు చేసిన సంగతి అప్పటికి నాలుగేళ్ల కిందటిదే. జనం నమ్మకం రోగం దారినే మార్చగలదు. అధ్యయనం చేస్తున్న వస్తువు మనల్ని చూసి మారిపోతుంటే పరిశోధన తేలిక అవుతుందా, కష్టమవుతుందా?

సమయం అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

రుజువు ఎంత గట్టిగా ఉండాలి? 2012లో హిగ్స్ అనే మౌలిక కణం దొరికిందని ప్రకటించడానికి భౌతికశాస్త్రజ్ఞులు పెట్టుకున్న గీత ఇది: ఆ కణం లేకుండానే కాకతాళీయంగా అలాంటి సంకేతం కనిపించే అవకాశం సుమారు 35 లక్షల్లో ఒకటి మించకూడదు. మనస్తత్వశాస్త్రంలో మామూలు గీత 20లో ఒకటి. కోట్లకోట్ల కణాల తాకిడులను లెక్కించగల యంత్రం ఉన్నచోట పెట్టే గీత, వంద మంది మనుషులతో పనిచేసేచోట పెట్టలేరు.

“సామాజిక శాస్త్రాల ఫలితాలు మళ్లీ చేస్తే రావు” అంటారు. మనస్తత్వశాస్త్రంలో 100 అధ్యయనాలను మళ్లీ చేస్తే 36 శాతమే నిలిచాయని 2015లో ఆ రంగంవాళ్లే బయటపెట్టారు. నిజమే. ఒక మందుల కంపెనీ శాస్త్రజ్ఞులు క్యాన్సర్ మీద 53 ప్రసిద్ధ పరిశోధనలను సరిచూస్తే 6 మాత్రమే నిలిచాయని 2012లో బయటపడింది. జీవశాస్త్రానికీ ఇదే రోగం ఉంది. దాన్ని మాత్రం అంతగా ఎత్తి చూపరు.

చివరిగా, పత్రాల సంఖ్యతో పరిశోధకులను పోల్చడం. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. 2015లో హిగ్స్ కణం ద్రవ్యరాశి మీద వచ్చిన ఒక పత్రానికి 5,154 మంది రచయితలు. 33 పేజీల్లో 24 పేజీలు పేర్లూ, సంస్థలే. చరిత్రకారులు ఏళ్లతరబడి దస్తావేజులు చదివి ఒంటరిగా ఒక పుస్తకం రాస్తారు. వీళ్లిద్దరినీ ఒకే పట్టికలో పెట్టి, ఎవరికి ఎన్ని పత్రాలు, ఎన్ని ప్రస్తావనలు అని చూసి ఉద్యోగాలూ నిధులూ పంచుతున్నారు. పరిశోధనను అది అచ్చయిన పత్రికకు సగటున ఎన్ని ప్రస్తావనలు వస్తాయో చెప్పే అంకెను బట్టి కొలవకండి, అందులో ఏముందో చదివి నిర్ణయించండి అని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కొందరు సంపాదకులూ ప్రచురణకర్తలూ కూర్చుని ఒక ప్రకటన రాశారు. ప్రపంచమంతటా ఎన్నో సంస్థలు దాని మీద సంతకం చేశాయి. సంతకం చేసినచోటైనా ఎంపిక సంఘాలు అభ్యర్థి రాసినదాన్ని తెరిచి చదవాలి.