ఇండక్షన్ అంటే ఏ ఇండక్షన్?

హోస్ట్: మాస్టారూ, మొన్న మా చెల్లి ఫోన్ చేసి "రేపు ఇండక్షన్" అంది. కొత్త ఉద్యోగంలో చేరుతోంది లెండి. మా అమ్మేమో పొయ్యి కొంటోందనుకుంది.

మాస్టారు: ఆసుపత్రి అనుకోలేదు, నయం! అక్కడైతే నొప్పులు వాటంతటవి రానప్పుడు మందిచ్చి తెప్పించడం. మత్తు డాక్టర్ని అడిగితే, ఆపరేషన్‌కి ముందు మనిషిని మత్తులోకి దించే దశ అంటారు.

హోస్ట్: వీటన్నిటికీ ఏమైనా చుట్టరికం ఉందా?

మాస్టారు: లాటిన్‌లో ఈ మాటకు మూలం 'లోపలికి నడిపించడం'. ఉద్యోగిని సంస్థలోకి, రోగిని మత్తులోకి. అంతవరకూ సులువే. మీ అమ్మగారి పొయ్యి దగ్గరే కాస్త ఆగాలి.

హోస్ట్: దాంట్లో మంట ఉండదు కదా.

మాస్టారు: మంట సరే, వేడి పుట్టేదీ పొయ్యిలో కాదు, గిన్నెలో. గాజు పలక కింద రాగి తీగచుట్ట ఉంటుంది. అందులో కరెంటు సెకనుకు వేలసార్లు దిశ మారుతుంది. దాంతోపాటే అయస్కాంత క్షేత్రమూ మారుతూ, గిన్నె అడుగున సుడుల్లాంటి ప్రవాహాలు పుట్టిస్తుంది. గాజు వేడెక్కేది గిన్నె తగిలే. మామూలు ఇండక్షన్ పొయ్యి మీద ఉత్త అల్యూమినియం గిన్నె పనిచేయనిది అందుకే, దానికి అయస్కాంతం అంటుకోదు.

హోస్ట్: ఇది ఫారడే కనిపెట్టిందేగా?

మాస్టారు: అవును, 1831లో. ఇనుప రింగుకు రెండు తీగచుట్టలు చుట్టాడు. మొదటిదాంట్లో కరెంటు వేసిన క్షణంలో, తీసిన క్షణంలో మాత్రమే రెండోదాని దగ్గరున్న అయస్కాంత సూది కదిలింది. మధ్యలో కరెంటు ఎంతసేపు నిలకడగా పారినా ఉలకలేదు, పలకలేదు. మార్పు ఉంటేనే ప్రేరణ.

హోస్ట్: మరి మీ లెక్కల్లో? ఇంటర్లో గణితానుగమనం బట్టీ పట్టాను. 'ఒకటికి నిజం, కె‌కి నిజమనుకుందాం, కె ప్లస్ ఒకటికి చూపిద్దాం'.

మాస్టారు: ఆ పేరు మీదే నాకు కోపం. తర్కంలో ఇండక్షన్ అంటే చూసిన కొన్నిటిని బట్టి చూడనివాటి గురించి చెప్పడం. యూరప్ వాళ్లు చూసిన హంసలన్నీ తెల్లనివే. 1697లో డచ్ నావికులకు ఆస్ట్రేలియా పడమటి తీరంలో నల్లవి కనిపించాయి.

హోస్ట్: లెక్కల్లో అలాంటి నల్ల హంస ఉంటుందా?

మాస్టారు: భేషుగ్గా. ఒక సంఖ్య తీసుకోండి. దాని వర్గానికి ఆ సంఖ్యనే కలిపి, ఇంకో 41 కలపండి. 0 నుంచి 39 దాకా వేస్తే వరసగా నలభైసార్లూ ప్రధాన సంఖ్యే వస్తుంది. 40కి 1681. అంటే 41 ఇంటూ 41.

హోస్ట్: అయ్యో! నేనైతే పదికే నమ్మేసేవాణ్ని.

మాస్టారు: గణితానుగమనంలో నమ్మకంతో పనే లేదు. కె నుంచి కె ప్లస్ ఒకటికి దారి ఖాయంగా ఉందని నిరూపించాలి. అంటే అది పక్కా డిడక్షన్, తెలిసినదాన్నుంచి తప్పనిసరిగా వచ్చేదాన్ని రాబట్టడం. పేరు మాత్రం ఇండక్షన్! తెలుగే నయం. తర్కంలోది ఆగమనం, లెక్కల్లోది అనుగమనం, కరెంటుది ప్రేరణ.

హోస్ట్: పరీక్షలో ఆగమనానికీ అనుగమనానికీ తేడా రాయమంటే చచ్చేవాళ్లం.

మాస్టారు: తప్పు నాదీ ఉంది. పాఠం మొదట్లో 1కి, 2కి, 3కి వేసి చూపించి "చూశారా, కుదిరింది" అనేవాణ్ని. అలా అనకూడదు.

హోస్ట్: నలభై దాకా వేసి చూపిస్తే?

మాస్టారు: ముప్పై తొమ్మిది దగ్గర గంట కొట్టేస్తారండీ.