బేస్‌కీ టెనర్‌కీ మధ్య గొంతు

నెల్లూరు పెద్దలందరికీ నమస్కారం. పిల్లలూ, ముందుకొచ్చి కూర్చోండి, ఇవాళ పాడే గొంతు గురించి మాట్లాడేది ఎక్కువగా మీతోనే.

మా ఊరు ఒంగోలు. నేను పాట నేర్చుకుంది చర్చిలో. నెల్లూరికి 1840లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు వచ్చారు, తర్వాత ఒంగోలుకీ వచ్చారు. వాళ్ళతోపాటే నాలుగు వరసలుగా పాడే పద్ధతీ వచ్చింది. అందుకే మా చర్చిలో ఒకే ఆదివారం రెండు సంగీతాలు వినిపించేవి. తెలుగులో క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి గారి కీర్తన రాగతాళాలతో సాగేది. అది అవగానే క్వయర్, అంటే చర్చి గాయకబృందం, లేచి నాలుగు గొంతుల పాట అందుకునేది.

ఆ నాలుగు గొంతులూ ఏవంటే, ఆడవాళ్ళకి సొప్రానో, ఆల్టో. మగవాళ్ళకి టెనర్, బేస్. పైన పాడేది టెనర్, అడుగున పాడేది బేస్. అయితే మగవాళ్ళలో ఎక్కువమంది గొంతు ఈ రెండూ కాదు, మధ్యది. దాన్నే బారిటోన్ అంటారు. ఎక్కువమందికి ఉన్న గొంతుకే క్వయర్‌లో వరస లేదు!

పదిహేడేళ్ళప్పుడు నన్ను టెనర్ వరసలో నిలబెట్టారు. కారణం ఒక్కటే, టెనర్లు తక్కువయ్యారు. ఈస్టర్ ముందు నెలంతా రిహార్సల్. పై స్వరం వచ్చే ముందు గడ్డం పైకి లేచేది, మెడనరాలు ఉబ్బేవి, చెమట పట్టేది. పక్కవాడికి నవ్వుతూ వచ్చే స్వరం నాకు మాత్రం యుద్ధం. ఈస్టర్ మర్నాడు అమ్మని పిలిస్తే గాలి తప్ప మాట రాలేదు. మిరియాల పాలు, అల్లం, తేనె అన్నీ అయ్యాయి. చివరికి డాక్టరు దగ్గరికి వెళితే స్వరతంత్రులు వాచాయన్నారు. మూడు వారాలు మౌనం. పలకమీద రాసి చూపించేవాణ్ణి. ఇక పాడలేనేమోనని రాత్రిళ్ళు ఏడ్చాను.

రెండేళ్ళ తర్వాత చెన్నైలో ఒక పెద్దావిడ దగ్గర పాఠానికి చేరాను. ఆవిడ మొదటిరోజు పాడమనలేదు. పేరు చెప్పమన్నారు, ఊరు చెప్పమన్నారు, ఏం తిన్నావని అడిగారు. నేను మాట్లాడుతుంటే పియానోమీద నా మాట ఏ స్వరం దగ్గర ఆగుతోందో వెతుకుతున్నారు. తర్వాత నోరు మూసుకుని హమ్ చేయమన్నారు. పావుగంటలో తేల్చేశారు, నేను టెనర్ కాదు, బారిటోన్ అని.

కొంచెం లెక్క చెప్తాను. బారిటోన్ గొంతు సుమారు 110 హెర్ట్జ్ నుంచి 440 దాకా, అంటే రెండు స్థాయిలు పాడుతుంది (స నుంచి పై స దాకా ఒక స్థాయి). 110 అంటే స్వరతంత్రులు సెకనుకి 110 సార్లు కలిసి విడిపోవడం. క్వయర్ టెనర్ వరస మాటిమాటికీ 300 దాటి 390 దాకా వెళుతుంది. నా గొంతు అక్కడికి వెళ్ళి ముట్టుకుని రాగలదు, అక్కడే కాపురం మాత్రం చేయలేదు. నేను గొంతు పోగొట్టుకోబోయింది ఈ చిన్న తేడా తెలియకే.

మన కర్ణాటక సంగీతంలో ఈ బాధ తక్కువ. శృతి అంటే స ఏ ఎత్తులో పెట్టుకోవాలో చెప్పే లెక్క. మగవాళ్ళు ఒకటి శృతో, ఒకటిన్నరో పెట్టుకుంటారు. ఆడవాళ్ళు ఐదో, ఐదున్నరో. గొంతుని బట్టి తంబూరా, తంబూరాని బట్టి పాట. పాశ్చాత్య ఒపెరాలో, అంటే పాటలతో నడిచే నాటకంలో, స్వరం కాగితంమీద స్థిరం, గాయకుడే దానికి సరిపోవాలి. విడి పాటలకి మాత్రం అదే పాటని పై గొంతుకీ కింది గొంతుకీ వేర్వేరుగా అచ్చేస్తారు. జర్మన్ బారిటోన్ ఫిషర్-డీస్కావ్, స్వరకర్త షూబర్ట్ పాటల్ని వందల్లో రికార్డు చేశారు. 1992 చివర్లో గానకచేరీలు ఆపేసి, ఆ తర్వాత కూడా పాఠాలు చెప్పారు. నాకు ఆదర్శం ఆయనే.

బతుకుతెరువు సంగతి అడుగుతారు కాబట్టి చెప్తున్నా. డిసెంబరులో కచేరీలుంటాయి. హేండెల్ స్వరపరచిన మెస్సయ అనే క్రైస్తవ గానంలో బేస్ సోలోలు చాలాసార్లు మాలాంటి బారిటోన్లే పాడతారు. మిగతా నెలలన్నీ పాఠాలే ఇల్లు నడుపుతాయి. కొందరు పిల్లలు లండన్ ట్రినిటీ కాలేజీ వాళ్ళ సంగీతం గ్రేడ్ పరీక్షలకి కూర్చుంటారు, ఒకటి నుంచి ఎనిమిది దాకా గ్రేడ్లు. సర్టిఫికెట్ మంచిదే. కానీ గ్రేడ్ కోసం గొంతుని తొందరపెట్టే తల్లిదండ్రుల్ని చూస్తే నాకు టెన్షన్.

మైకు లేకుండా పాడటం గురించి ఒక మాట. పెద్ద వాద్యబృందం శబ్దంలో బలమంతా 500 హెర్ట్జ్ చుట్టూ ఉంటుంది. సాధన చేసిన మగగొంతులో 3000 దగ్గర ఒక మెరుపు పుడుతుంది. అక్కడ వాద్యాల బలం తక్కువ, మన చెవి చురుకెక్కువ. అందుకే అరవకుండానే చివరి కుర్చీదాకా వినపడుతుంది. నెల్లూరు వాళ్ళకి ఇది కొత్త కాకూడదు. బాలసుబ్రహ్మణ్యం గారి నాన్నగారు సాంబమూర్తి గారు హరికథకులు. మైకులు రాకముందు హరికథకులు పందిరి చివర కూర్చున్న ముసలమ్మకి కూడా వినపడేలా గంటలతరబడి కథ చెప్పేవారు.

ఇప్పుడు కందుకూరు అబ్బాయి సంగతి. పన్నెండేళ్ళకి వచ్చాడు, తీగలాంటి గొంతు. పదమూడు నిండేసరికి గొంతు మారడం మొదలైంది. మగపిల్లల గొంతు ఆ వయసులో దాదాపు ఒక స్థాయి కిందికి దిగుతుంది. ఒకరోజు పాట మధ్యలో గొంతు కీచుమంది, తోటిపిల్లలు నవ్వారు. మర్నాటి నుంచి రాలేదు. వాళ్ళ నాన్న ఫోన్ చేసి, "వాడి పాట పోయింది సార్, మాన్పించేస్తాం" అన్నాడు. "పోలేదయ్యా, ఇల్లు మారుతోంది. సామాను సర్దుకోనివ్వండి" అన్నాను.

ఆ ఏడాదంతా వాడికి స నుంచి ప దాకా ఐదు స్వరాలే ఇచ్చాను. రోజుకి పది నిమిషాలు, అదీ ఎక్కువ హమ్మింగే. పాత పాటలు ముట్టుకోనివ్వలేదు. వాడు విసుక్కున్నాడు, నాకూ లోపల భయంగానే ఉండేది. ఒక సాయంత్రం కింది స పట్టుకుంటే బల్లమీద పెట్టిన నా అరచేతికి సన్నగా అదురు తెలిసింది. వాడి మొహం చూడాలి ఆ క్షణాన! తన గొంతుని తనే మొదటిసారి విన్నట్టు చూశాడు.

ఇప్పుడు వాడికి పదిహేడు. బారిటోన్ గొంతు పూర్తిగా పండటానికి ముప్ఫై ఏళ్ళు దగ్గర పడాలి, కాబట్టి వాణ్ణి ఎవరితోనూ పోల్చకండి. ఇవాళ చౌదరి గారి కీర్తనొకటి, ఒకటి శృతిలో పాడతాడు. ఆ మైకు తీసేయండి బాబూ. ఫ్యాన్లు కూడా ఒక్క ఐదు నిమిషాలు ఆపండి. రా నాన్నా, ఇక్కడ నిలబడు. గడ్డం పైకెత్తకు.