మొక్కజొన్న: గింజ తూకం, గింజలోని సత్తువ

సభకు నమస్కారం. మొక్కజొన్నపై ఏళ్లుగా పరిశోధన సాగుతున్న రాజేంద్రనగర్ మన హైదరాబాద్‌లోనే ఉంది. ఆ పంట గురించి రైతులు, పోషకాహార విద్యార్థులు ఒకేచోట కూర్చుని వినడం నాకెంతో సంతోషం. ఎకరాకు ఎన్ని క్వింటాళ్లని అడుగుతున్నంత శ్రద్ధగా, ఆ గింజలో ఏముందని కూడా మనం అడగాలి.

పుప్పొడి రాలిన కొద్దిరోజులకు ఒక లేత కంకిని పొరలు వలిచి మెల్లగా దులపండి. గింజ కట్టిన చోట పీచు రాలిపోతుంది, కట్టని చోట అంటుకునే ఉంటుంది. ఒక్కో గింజకు ఒక్కో పీచు. జల్లు, అంటే మొక్క తలపై మగపూత, వేసే వేళ నేలలో తడి చాలకపోతే పీచు ఆలస్యంగా బయటికి వస్తుంది, అప్పటికే పుప్పొడి చాలావరకు రాలిపోయి ఉంటుంది. ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటి పొడిగాలి తోడైతే మిగిలిన పుప్పొడి కూడా దెబ్బతింటుంది. ఆ రోజుల్లో తప్పిన తడిని తరువాత ఎంత నీరు పెట్టినా పూడ్చలేం. యాసంగిలో చల్లదనం వల్ల గింజ నిండడానికి ఎక్కువ రోజులు దొరుకుతాయి కనుక, నీటి వసతి ఉన్నచోట దిగుబడి సాధారణంగా వానాకాలం కంటే మెరుగ్గా ఉంటుంది.

గింజలో సుమారు 70 శాతం పిండిపదార్థం, 8 నుంచి 11 శాతం మాంసకృత్తులు ఉంటాయి. గింజ నిండేటప్పుడు ఎద్దడి తగిలితే పిండి చేరడం బాగా తగ్గి, గింజ సన్నబడి, మాంసకృత్తుల శాతం తరచుగా పెరిగినట్టు కనబడుతుంది. ఆ అంకె చూసి మురిసిపోకూడదు. నత్రజని వేస్తే మాంసకృత్తులు నిజంగానే పెరుగుతాయి, కాని పెరిగేది ఎక్కువగా జెయిన్ (zein) అనే మాంసకృత్తి. మన శరీరానికి తప్పనిసరైన లైసిన్, ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాలు అందులో దాదాపు ఉండవు. మొక్కజొన్నే ప్రధాన ఆహారమైన ఇళ్లలోని పిల్లల విషయంలో ఇది చిన్న లోపం కాదు.

ఓపేక్-2 జన్యువు ఈ లోపాన్ని సరిచేస్తుందని 1964లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు వెల్లడించారు. అయితే ఆ గింజ సుద్దలా మెత్తగా ఉండి, తూకం తగ్గి, పురుగుకు సులభంగా లొంగేది. మెక్సికోలోని అంతర్జాతీయ మొక్కజొన్న, గోధుమ పరిశోధన సంస్థ సిమిట్‌లో సురీందర్ వాసల్, ఎవాంజెలినా విల్లెగాస్ ఏళ్ల తరబడి శ్రమించి దానిని గట్టి గింజగా మలిచారు. 2000లో ప్రపంచ ఆహార బహుమతి వారిని వరించింది.

ఈ నాణ్యమైన మాంసకృత్తుల రకాన్ని వేసే రైతు ఒక మాట గుర్తుంచుకోవాలి. పక్క చేనిలోని మామూలు మొక్కజొన్న పుప్పొడి వచ్చి పడితే, ఆ గింజలో ఓపేక్-2 గుణం ఆ పంటలోనే మరుగునపడుతుంది. కాబట్టి చేల మధ్య తగినంత దూరం ఉంచాలి, లేదా రెండు చేల పూతకు మూడు నాలుగు వారాల తేడా వచ్చేలా పొరుగు రైతుతో ముందే మాట్లాడుకుని విత్తాలి.